తోలు బిళ్ల

మా నాన్నగారు విడిచి వెళ్లిన వస్తువులలో ఒక గాలి తుపాకి ఉన్నది. 1970ల చివరలో అమెరికా నుండి వచ్చిన బంధువొకరు ఆయనకు దానిని బహూకరించారు. ఇత్తడి గొట్టం, కర్ర మడమ. గొట్టం కింది పిడిని ముందుకు తెరచి వెనుకకు మూసిన ప్రతిసారీ కొంత గాలి లోపలి గదిలో చేరి కవాటం వెనుక బంధింపబడుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే చిన్న సుత్తి ఆ కవాటాన్ని తాకుతుంది. విడుదలైన గాలి 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును తోసుకొని పోతుంది.

చరిత్ర విద్యార్థిగా దీని వంశం నాకు తెలుసు. 18వ శతాబ్దం చివర ఆస్ట్రియా సైన్యం జిరార్డోని రూపొందించిన గాలి తుపాకులను ప్రయోగించింది. 1803లో పడమటికి పయనమైన మెరివెదర్ లూయిస్ వెంట కూడా ఒక గాలి తుపాకి ఉండేది; దారిలో ఎదురైన తెగల వారికి దానిని ప్రదర్శించి అబ్బురపరచేవాడు. అయితే మా ఇంటి తుపాకి చరిత్ర మాత్రం నాకు సగమే తెలిసి ఉండేది.

1990 దసరా నాటికి నాకు పదకొండేళ్లు. విజయదశమి నాడు పాలపిట్టను చూస్తే శుభమంటారు. ఆనాటి ఉదయం తీగపై వాలిన పాలపిట్టను నేను కొట్టాను. నాన్నగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. పెరట్లో గుంట తవ్వి, దానిని నా చేతులతోనే పూడ్పించారు. వారం తరువాత దొంగచాటుగా తుపాకి తీశాను. పిడి బరువన్నదే లేకుండా ఆడింది, గాలి నిలవలేదు. “పాడైపోయిందిలే” అన్నారు నాన్నగారు. నమ్మాను.

గత వేసవిలో దానిని బాగుచేయ సంకల్పించాను. లోపల గుండు గాని, గాలి గాని మిగిలి లేదని నిర్ధారించుకొని, మరలు విప్పి, వరుసక్రమంలో కాగితంపై పేర్చాను. కవాటం చెక్కుచెదరలేదు. పిస్టన్ కొనన గాలిని పట్టి ఉంచే తోలు బిళ్ల మాత్రం లేదు. తోలు చివికిపోతే ముక్కలైనా మిగలాలి. అక్కడ లోహం శుభ్రంగా ఉన్నది. దానిని పట్టి ఉంచే మర తిరిగి గట్టిగా బిగించి ఉన్నది.

అమ్మను అడిగాను. “ఆ పండుగ మర్నాడే తీసేశారు. నీకు చెప్పవద్దన్నార్రా” అన్నది.

చెప్పులు కుట్టే వృద్ధుడొకరు బిళ్ల కోసి, గిన్నెలా వంచి ఇచ్చారు. రాత్రంతా నూనెలో నాననిచ్చి అమర్చాను. రెండవసారి నొక్కేసరికే పిడి ఎదురు తిరిగింది. నాలుగుసార్లు నొక్కి, ఇసుక మూటకు అంటించిన కాగితంపై ఒకే ఒక్క గుండు పేల్చాను. తుపాకి బాగుపడింది. నాకు మాత్రం ఏదో చెరిపివేసినట్లు అనిపించింది.

ప్రాచీన పత్రంలో ఒక పంక్తి చిరిగిపోతే, అంచులు అతికి కాపాడతామే గాని, లేని అక్షరాలను మనం వ్రాయము. ఆ ఖాళీ కూడా సాక్ష్యమే. ఈ తుపాకిలోని ఖాళీ, నాన్నగారు నాతో అనని మాట. దానిని నేను నింపివేశాను.

మరునాడు తోలు బిళ్లను తీసి, చిన్న డబ్బాలో వేరుగా భద్రపరచాను. ఏనాడు, ఎందుకు తీయబడినదో ఒక కాగితంపై వ్రాసి, నా పిల్లల కోసం అందులోనే ఉంచాను. ఇత్తడిపై కమ్మిన నలుపును తుడవలేదు. చివరగా పిస్టన్ మరను, నాన్నగారు బిగించినట్లే, తిరిగి బిగించాను.