వీధి తలుపుకి ఏ రంగు?

ఇంటికి రంగులు వేయించాలనుకోగానే మనం ముందు హాలు గోడల గురించి ఆలోచిస్తాం. తర్వాత పడగ్గది, ఆ తర్వాత వంటిల్లు. అన్నీ అయ్యాక పెయింటరు వచ్చి, "వీధి తలుపుకేం వేయమంటారమ్మా?" అని అడుగుతాడు. అప్పటికి మన ఓపికా అయిపోతుంది, చేతిలో డబ్బూ అయిపోతుంది. "మాయని రంగేదో వేసెయ్యి బాబూ" అనేస్తాం. అతని దగ్గర మిగిలిన చాక్లెట్ రంగు డబ్బా ఎలాగూ ఉంటుంది. మన వీధుల్లో ఇన్ని చాక్లెట్ రంగు తలుపులు ఎందుకున్నాయంటే ఇందుకేనేమోనని నా అనుమానం!

ఇంతకీ ఆ తలుపు రంగు ఎవరికోసం? వీధిలో పోయేవాళ్ళు మెచ్చుకోవడానికా? రోజూ ఆ తలుపు తీసుకుని లోపలికొచ్చే మనవాళ్ళ కోసమా? ఈ ప్రశ్న నాకు మా అత్తయ్యగారి వల్ల వచ్చింది.

రెండేళ్ళ క్రితం ఉగాదికి ముందు మా ఇంటికి రంగులు వేయించాం. మాది మీగడరంగు గోడలు, గంధంరంగు తలుపు. మా వారికీ, మా అబ్బాయికీ గోడకీ తలుపుకీ ఒకటే లేత బూడిదరంగు వేయించాలని ఉంది. ఇప్పుడదే ఫ్యాషనట. షేడ్ కార్డు అందరి చేతులూ తిరిగి చివరికి అత్తయ్య దగ్గరికొచ్చింది. ఆవిడ దాన్ని తిరగేసి, "మీ ఇష్టం నాయనా. కాస్త కనిపించే రంగు వేయించండి, చాలు" అన్నారు. "కనిపించని రంగు కూడా ఉంటుందా నాన్నమ్మా?" అని మా వాడు నవ్వాడు.

నాకు మాత్రం ఆ మాట మనసులో ఉండిపోయింది. అంతకు ఆరు నెలల ముందునుంచీ ఆవిడ సాయంత్రం రామాలయంలో హారతికి వెళ్ళడం మానేశారు. మోకాళ్ళ నొప్పులన్నారు, మేమూ నమ్మాం. మర్నాడు చిక్కుడుకాయలు ఒలుస్తూ మెల్లిగా అడిగాను.

"మోకాళ్ళు కాదమ్మాయ్. చీకటి పడితే మన గుమ్మం ఎక్కడుందో ఆనటం లేదు. గోడ తడుముకుంటూ రావాల్సొస్తోంది. ఒకరోజు పక్కింటి గేటు తీశాను. వాళ్ళేమనుకుంటారో అని సిగ్గేసి మానేశాను" అన్నారు.

అత్తయ్యకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషను అయింది. అయినా నీటికాసుల జబ్బు ఉంది. అందులో పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది పోకుండా చుక్కలు వేసుకుంటూ ఉండాల్సిందే. ఆ జబ్బులో వస్తువులు మసకబారడంతోపాటు, ఒకే ఛాయలో ఉన్న రెండిటిని విడదీసి చూడటం కూడా కష్టమవుతుంది. మీగడరంగు గోడలో గంధంరంగు తలుపు, అందులోనూ మునిమాపు వేళ. ఆవిడకి కనిపించేది ఒక పొడుగాటి గోడే!

ఇది జబ్బున్నవాళ్ళ సంగతే అనుకోకండి. వయసు పైబడే కొద్దీ కంట్లోని కటకం పసుపుబారుతుంది. నీలాలు మసకేస్తాయి. ముదురు నీలం నల్లగా, నీలమూ ఆకుపచ్చా ఒకటిగా అనిపిస్తాయి. కాబట్టి పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏ రంగన్నదానికన్నా ముదురూ లేతా తేడా ముఖ్యం. గోడ లేత అయితే తలుపు ముదురు, గోడ ముదురైతే తలుపు లేత. వాస్తు ప్రకారం రంగు ఎంచుకునేవారు అలాగే ఎంచుకోండి. ఆ రంగులో ముదురూ లేతా మన చేతిలోనే ఉన్నాయి కదా!

ఇంట్లో మగవాళ్ళని మాటలతో ఒప్పించడం ఎంత కష్టమో మీకు తెలుసు. అందుకని నేను మూడు చిన్న డబ్బాలు తెప్పించాను. ఎనామిల్ పెయింటు 100 మిల్లీలీటర్ల డబ్బాల్లో కూడా దొరుకుతుంది. బూడిదరంగు, చాక్లెట్, ముదురాకుపచ్చ. మూడు అట్టముక్కలకి వేసి, ఆరాక తలుపుకి వేలాడదీశాను. దీపాలు పెట్టే వేళకి అత్తయ్యని గేటు దగ్గర నిలబెట్టి, మా వారిని పక్కన ఉండమన్నాను. "ఎన్ని అట్టలున్నాయత్తయ్యా?" అంటే, "రెండు" అన్నారు. బూడిదరంగుది ఆవిడకి కనిపించనేలేదు. మా వారు ఇంకేమీ మాట్లాడలేదు. చాక్లెట్టా, పచ్చా అంటే అత్తయ్య పచ్చదే అన్నారు. వాళ్ళ పుట్టింటి తలుపు ఆ రంగేనట.

మీరూ ఇలా అట్టముక్క మీద వేసి చూసుకోండి. షేడ్ కార్డులో గోరంత ముక్క చూసి నిర్ణయిస్తే తలుపంతా వేశాక వేరేలా ఉంటుంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు వెలుగులో మూడుసార్లు చూడండి. ఫోనుతో గోడా అట్టా కలిపి ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. రెండూ ఒకే బూడిదలా కలిసిపోతే ఆ రంగు వద్దు. ఫోను లేకపోతే కళ్ళు సగం మూసి చూసినా తెలుస్తుంది.

పడమటి ఎండ నేరుగా కొట్టే తలుపుకి మరీ నల్లటి ముదురు రంగు వేస్తే బాగా వేడెక్కుతుంది. చెక్క బిగిసి వదులై రంగు పొక్కులు లేస్తుంది. అలాంటిచోట మధ్యస్థంగా ఉండే ఇటుకరంగో, పచ్చో నయం. తళతళలాడే నునుపు రంగు తుడుచుకోవడానికి సుఖమే కానీ, ఎండలో, లైటులో మెరిసి పెద్దవాళ్ళ కళ్ళకి కొడుతుంది. సాటిన్ రకం అడగండి. 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు తలుపు రెండు వైపులా కలిపి 42 చదరపు అడుగులు. రెండు పూతలకి లీటరు డబ్బా చాలు. వానాకాలంలో మాత్రం వేయించకండి. చెమ్మకి ఉబ్బిన చెక్క మీద రంగు నిలవదు.

ఇక గడప. పసుపు పూసి ముగ్గేసిన గడప చూపు తగ్గినవాళ్ళకి చక్కగా ఆనుతుంది, కాలు తట్టుకోదు. చాలామందిమి పసుపు బదులు పసుపురంగు పెయింటు వేయిస్తున్నాం. తప్పులేదు, ఒక్క జాగ్రత్త చాలు. పాతకాలపు పసుపు, ఎర్ర ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. పాకే పిల్లలు గడప పట్టుకుని ఆ చేయి నోట్లో పెట్టుకుంటారు. సీసం పిల్లల మెదడుకి చేటు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళు దాటకూడదని 2016లో నిబంధనలు వచ్చాయి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. డబ్బా మీద సీసం సంగతి చదివి కొనండి. పాత రంగు గీకించేటప్పుడు పొడిగా రుద్దించకుండా తడిపి రుద్దించండి. పసిపిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్ళనీ ఆ రెండు రోజులూ అటు రానివ్వకండి. రాలిన పొడి చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో ఎత్తేయండి.

మా తలుపు ముదురాకుపచ్చ అయింది. మెట్టు అంచున తెల్లటి పట్టీ గీయించాం. తలుపు మీద వెలుగు పడేలా, కళ్ళలో పడకుండా ఒక లైటు పెట్టించాం. అత్తయ్య మళ్ళీ హారతికి వెళ్తున్నారు. కళ్ళేమీ బాగుపడలేదు. గుమ్మం మాత్రం ఆనుతోంది. పక్కింటివాళ్ళకి ప్రసాదం కూడా తనే ఇచ్చి వస్తున్నారు.

ఈసారి మీ ఇంట్లో షేడ్ కార్డు విప్పేముందు, చీకటి పడ్డాక ఆ గుమ్మం వెతుక్కుంటూ వచ్చేదెవరో ఒకసారి ఆలోచించండి. మామూలుగా మనం ఆఖర్న అడిగే మనిషిని ముందు అడగండి. "మీ ఇష్టం" అంటే అక్కడితో వదిలేయకండి, రెండోసారి అడగండి.