చేవలేని చెక్క

అమెరికాలో మా అబ్బాయి ఇంటి వెనుక ఒక చెక్క కట్టడం ఉండేది. దాన్ని అక్కడివాళ్ళు డెక్ అంటారు. ముప్ఫై మూడేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి బతికినవాణ్ణి గనుక, వెళ్ళిన వారంలోనే దానికొక తెలుగు పేరు వెతకబోయాను. అరుగు అందామంటే అరుగు నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. పైగా వీధివైపు ఉండి, దారినపోయేవాణ్ణి పిలిచి కూర్చోబెడుతుంది. ఇదేమో నేలకు నాలుగడుగుల ఎత్తున గుంజల మీద నిలబడి, పెరటివైపు మొహం పెట్టి, ఇంటివాళ్ళకు తప్ప ఒకరికి కనబడదు. చివరికి "పెరటి మంచె" అని పేరు ఖాయం చేశాను. "పిట్టలను తోలడానికి మీరున్నారు గదా మామయ్యగారూ, పేరు సరిపోయింది" అని మా కోడలు నవ్వింది.

ఇది 2024 ఆగస్టు చివరి మాట. ఊరు న్యూజెర్సీలో. ఇల్లు కట్టింది 1992లో, మంచె కూడా అప్పటిదే. చలికి, మంచుకు, వానకు ముప్ఫై రెండేళ్ళు ఓర్చుకున్న ఆ చెక్కలు రంగు పోయి బూడిదవన్నె తిరిగాయి. మేకులు తలలెత్తాయి. ఒక పలక చివర బొటనవేలితో నొక్కితే గోరు దిగిపోయింది. నాలుగు మెట్లూ దిగేటప్పుడు చేతిపట్టె నాతోపాటు ఊగేది. ఐదేళ్ళ మనవడు దాని మీదే పరుగులు. పదకొండు నెలల మనవరాలు దాని మీదే పాకడం.

మార్చాలన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. దేనితో అన్నదే తగవు. అబ్బాయి, కోడలు ప్లాస్టిక్ కలిపిన కాంపోజిట్ పలకల వైపు. నేను కొయ్య వైపు. నా వాదానికి శాస్త్రం కంటే బాల్యం ఆధారం. కోనసీమలో మా ఇంటికి తాటిదూలాలు, నల్లమద్ది ద్వారబంధాలు, టేకు తలుపులు. మా నాన్నగారు కలప అడితికి వెళితే ముందు దుంగ కోసిన మొహం చూసేవారు. నడిమి భాగం ముదురు రంగున ఉన్నంతమేరా చేవ. దాని చుట్టూ ఉన్న లేతరంగు తెల్లచెక్క. చేవను చెద తొందరగా ముట్టదు, తెల్లచెక్కను విడిచిపెట్టదు. బడ్డీ వడ్రంగి తెల్లచెక్కకు రంగువేసి అంటగడతాడని ఆయన భయం. మనిషిని గురించి "చేవ ఉన్నవాడు" అంటామే, ఆ మాట అడితిలోంచి వచ్చిందేనని తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు ఆశ్చర్యపోయేవారు.

"ముప్ఫై ఏళ్ళు నిలిచిందంటే ఇది చేవగల కొయ్యే. మళ్ళీ అదే తెప్పించు. చెక్కంత స్వచ్ఛమైన వస్తువు ఉంటుందిట్రా?" అన్నాను అబ్బాయితో. ఆ మాట గుర్తుంచుకోండి.

సెప్టెంబరు మొదట్లో అంచనా వేయడానికి ఒక వడ్రంగి వచ్చాడు. ఈక్వడార్ దేశస్థుడు, ఇంచుమించు నా ఈడువాడు. పలకల కింద వాసాలు ఎలా ఉన్నాయో చూడాలని మూడు పలకలు ఊడబెరికాడు. ఇంటిగోడకు ఆనించిన పట్టె దగ్గర వంగి చూసి తల అడ్డంగా ఊపాడు. మంచె బరువులో సగం మోసేది ఆ పట్టె. దాన్ని గోడకు బోల్టులతో బిగించాలి. కట్టినవాళ్ళు వట్టి మేకులతో సరిపెట్టారు. వాన నీరు గోడకూ పట్టెకూ నడుమ దిగకుండా కప్పవలసిన రేకు కూడా లేదు. ఇలాంటి కట్టడాలు కూలడం ఎక్కువగా అక్కడే జరుగుతుందని అబ్బాయి తరువాత చదివి చెప్పాడు. పోయిన దసరాకు ఆ మంచె మీద ఇరవైమంది కూర్చుని భోజనాలు చేశారు.

వాళ్ళు లెక్కలు మాట్లాడుకుంటుంటే నేను ఊడిన పలకలను ఏరి గోడవార చేర్చసాగాను. సంక్రాంతికి అక్కడే ఉంటాను, భోగిమంటకు పనికొస్తాయని. పెరట్లో ఇనప కుంపటి ఒకటి ఉంది. పిల్లలకు భోగిమంట అంటే ఏమిటో చూపించాలని నా కోరిక. వడ్రంగి అది చూసి గబగబా వచ్చి నా చేతిలో పలక లాక్కున్నాడు. "నో ఫైర్, నో ఫైర్" అన్నాడు. విరిగిన మొహాన్ని తిప్పి చూపించాడు. పైన బూడిదరంగు, లోపల మాత్రం పాచిపట్టినట్టు లేతాకుపచ్చ. గొంతు పట్టుకుని దగ్గి చూపించాడు. పాకుతున్న మనవరాలి వైపు చెయ్యి చూపి మళ్ళీ తల అడ్డంగా ఊపాడు. అతని ఇంగ్లీషు నా ఇంగ్లీషు లాంటిదే. అయినా పూర్తిగా అర్థమయింది.

ఆ రాత్రి అబ్బాయి కూర్చుని అంతా చదివాడు. ఆ చెక్క పైన్. త్వరగా పెరిగే చెట్టు. అందులో అధికభాగం తెల్లచెక్కే, అంటే నేను పొగిడిన చేవ దానికి దాదాపు లేదు. తెల్లచెక్క ద్రవాన్ని బాగా పీల్చుకుంటుంది గనుక, ఒత్తిడి పెట్టి లోపలికి మందు ఎక్కిస్తారు. 1992 నాటి మందులో మూడు పదార్థాలు: రాగి, క్రోమియం, ఆర్సెనిక్. ఆర్సెనిక్ అంటే మన పాషాణం. రాగి బూజును చంపుతుంది, పాషాణం పురుగును చంపుతుంది, క్రోమియం ఆ రెంటినీ చెక్కకు అంటిపెట్టి ఉంచుతుంది. అంటిపెట్టినా ఎంతో కొంత వానకు కారుతుంది, చేతికి అంటుతుంది. కాలిస్తే పొగలోనూ బూడిదలోనూ పాషాణమే. 2003 ముగిశాక ఇళ్ళలో వాడే చెక్కకు ఆ మందు ఎక్కించడం ఆ దేశంలో దాదాపు మానేశారు. అంతకుముందు కట్టినవి మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఇంకొక్క సంగతి నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఆ మందు కనిపెట్టింది అమెరికావాళ్ళు కారు. దెహ్రాదూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం గారు, 1933లో. ఇంటిపేరు వింటేనే మనవారని తెలుస్తోంది. మైలుతుత్తం, పాషాణానికి సంబంధించిన లవణం, డైక్రోమేట్ కలిపి ఆయన చేసిన మందుకు ఆర్సెనిక్, రాగి మూలకాల రసాయన సంకేతాలను జతచేసి ఆస్కు అని పేరు. 1938లో అమెరికాలో పేటెంటు వచ్చింది. ముప్ఫై మూడేళ్ళు బడిలో పనిచేసి ఈ పేరు ఒక్కసారీ నేను వినలేదు, పిల్లలకు చెప్పలేదు. తీరా విన్నది మనవరాలి మోకాళ్ళకు అంటిన విషం పేరు వెతుకుతుంటే.

ఆయన మీద నాకు కోపం రాలేదు. చెద తినని టేకు అందరికీ ఎక్కడ దొరుకుతుంది? చేవలేని చౌక చెక్కకు చేవ ఎక్కించి కరెంటు స్తంభంగా నిలబెట్టగలిగితే ఎన్ని అడవులు మిగులుతాయి! స్తంభాలకు ఇప్పటికీ ఆ మందు వాడుతూనే ఉన్నారు. స్తంభం మీద ఎవరూ పాకరు. దాన్ని తెచ్చి పిల్లల మోకాళ్ళ కింద పరిచినవాళ్ళ ఆలోచన వేరు.

మర్నాడు పొద్దున కోడలు ఒక్కమాటా మాట్లాడకుండా వెళ్ళి మంచె వారనున్న మడిలో గోంగూర మొత్తం పీకేసింది. వేసవి అంతా ఆ గోంగూరే పచ్చడి చేసుకుని తిన్నాం. మొక్కలోకి ఎక్కేదానికన్నా ఆకుకు అంటిన మన్నుతోనే ఎక్కువ ప్రమాదమనీ, శుభ్రంగా కడుగుతాం గనుక కంగారు వద్దనీ అబ్బాయి నచ్చజెప్పాడు. ఆ అమ్మాయి వినిపించుకోలేదు. పాకే పిల్ల చేతులు నోట్లో పెట్టుకుంటుందన్నది ఆమె దిగులు. నిన్నటిదాకా "చెక్కంత స్వచ్ఛమైన వస్తువు" అని వాదించిన పెద్దమనిషిని నేనే గనుక నేనూ మాట్లాడలేదు.

తరువాత ఎంపిక నిదానంగా సాగింది. బ్రెజిల్ ఇపే అన్నారు. నీటిలో మునిగేంత బరువైన కొయ్య, చేవకు చేవ. కానీ అక్కడి అడవులు తరిగిపోతున్నందువల్ల 2022లో దాన్ని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేర్చారు. ధర కూడా మాకు అందేది కాదు. ఎర్ర సెడార్ నాకు నచ్చింది. మెత్తనిదైనా దాని చేవకు కుళ్ళును ఆపే గుణం స్వతహాగా ఉంది, వాసన కూడా మంచిది. "అది పాడవకుండా ఏడాదికో రెండేళ్ళకో నూనె పట్టించాలి. మీరు వచ్చి పట్టిస్తారా నాన్నగారూ?" అన్నాడు అబ్బాయి. వేళాకోళంగానే అన్నాడు. అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి, ఈసారి విమానంలోనే మోకాళ్ళు వాచాయి. ఏమీ అనకుండా నమూనా ముక్క వాసన చూస్తూ ఉండిపోయాను.

మిగిలింది కాంపోజిట్. ప్లాస్టిక్‌ను కరిగించి రంపపు పొట్టుతో కలిపి పోతపోసిన పలక. పాలిథీన్ సంచులు కూడా అందులోకి పోతాయి. ఇరవై అయిదేళ్ళు హామీ. మీద చెక్కగీతలు అచ్చొత్తారు. ప్రతి మూడో పలకకూ అవే గీతలు, అదే ముడి. కాపీ కొట్టిన జవాబుపత్రాలు దిద్దినవాణ్ణి, కనిపెట్టకుండా ఉంటానా!

ఒక్క పరీక్ష మాత్రం నేను పెట్టాను. కోడలికి నచ్చిన ముదురు కాఫీరంగు ముక్కను, లేత ఇసుకరంగు ముక్కను, ఒక సెడార్ ముక్కను మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టి, వట్టికాళ్ళతో ఒక్కొక్కదాని మీదా నిలబడ్డాను. సెప్టెంబరు ఎండ పెద్ద ఎండ కాదు. అయినా కాఫీరంగు మీద పది లెక్కపెట్టేలోగా కాలు తీయవలసి వచ్చింది. ఇసుకరంగు వేడే గాని ఓర్చుకోవచ్చు. సెడార్ హాయిగా ఉంది. జూలైలో పసిపిల్ల అరచేతులు దాని మీద ఆనాలి. కోడలు కూడా చెప్పులు విడిచి నిలబడి చూసి, ఇసుకరంగుకే ఒప్పుకుంది.

పలకలు ప్లాస్టిక్‌వైనా కింది వాసాలకు, గుంజలకు మందెక్కించిన పైనే దిక్కు, కాంపోజిట్ ఆ బరువు మోయలేదు. ఇప్పటి మందులో పాషాణం లేదు, రాగి ఎక్కువ. ఆ రాగి మామూలు మేకును తినేస్తుంది గనుక మందంగా జింకు పూసిన మేకులే వాడాలన్నాడు వడ్రంగి. రెండంగుళాల మందం, ఆరంగుళాల వెడల్పు అని అమ్మే పట్టెను నేను స్కేలు పెట్టి కొలిస్తే ఒకటిన్నర, అయిదున్నర తేలాయి. చిత్రిక పట్టకముందు కొలత చెబుతారట. మా నాన్నగారైతే అడితిలోనే పంచాయతీ పెట్టేవారు.

అనుమతి వచ్చి పని మొదలయ్యేసరికి అక్టోబరు సగమైంది, ముగిసేసరికి నవంబరు. పాత చెక్కలను కాల్చకుండా, పొట్టు చేయకుండా, అడుగున పొర పరిచిన చెత్తమడికి తరలించారు. మంచె కింద పైమన్ను తీయించి కొత్తది పోయించాం. గోంగూర మడి పెరటి రెండో కొసకు మారింది. మెట్ల పక్కన నాకోసం సెడార్‌తో చిన్న బల్ల ఒకటి చేయించాడు అబ్బాయి. దానికి మొదటి నూనె నేనే పట్టించాను.

భోగినాడు ఇనప కుంపటిని మంచుమీదకి, మంచెకు దూరంగా జరిపాం. కట్టెలు కిరాణా దుకాణంలో కొన్నవి, ఓక్ కట్టెలు, ప్లాస్టిక్ చుట్టిన మోపు. మోపు విప్పి ఒక్కొక్క కట్టె అందిస్తున్న మనవడు ఆగి, "తాతయ్యా, ఇది మంచి చెక్కేనా?" అని అడిగాడు. కట్టె తీసుకుని, కోసిన మొహం దీపం వెలుగుకు తిప్పి చూశాను. నడుమ ముదురు గోధుమరంగు, అంచున లేతది. ఆకుపచ్చ ఎక్కడా లేదు. "మంచిదే, వెయ్యి" అన్నాను. తరువాతి కట్టెను వాడే వెలుగుకు తిప్పి చూసుకున్నాడు.