ఉన్నదున్నట్లు

కావ్యపఠనమునకును గంప్యూటరునకును సంబంధమేమి యని మీరడుగవచ్చును. తాళపత్రమును జూచి ప్రతి వ్రాయు లేఖకుఁడు తనకర్థము కాని పదమును దన బుద్ధికొలఁది సవరించినయెడల మూలపాఠము చెడును. సర్వరునందలి బొమ్మను దెచ్చి మనకందించు స్క్రిప్టును అట్టి లేఖకుఁడే.

సర్వరులోని ప్రతి వస్తువును 0 మొదలు 255 వఱకుఁ గల యంకెల వరుస. ఒక్కొక్క యంకెను బైటందురు. యూటీఎఫ్-8 పద్ధతిలో మన ‘క’ యనునది 224, 176, 149 అను మూఁడు బైట్లు. బొమ్మలోని బైట్లకో, ఇట్టి యక్షరార్థము లేదు. అవి రంగుల లెక్కలు. కావున స్క్రిప్టు వస్తువును బంపుటకు ముందే యిది బొమ్మ యని చాటవలెను. ఆ చాటింపును ‘కంటెంట్-టైప్’ అందురు. ‘ఇమేజ్/పీఎన్‌జీ’ మొదలగు నీ రకముల పేర్లు 1992లో బోరెన్‌స్టైను, ఫ్రీడు అనువారు ఈ-మెయిలు కొఱకు నిర్ణయించిన మైమ్ పద్ధతినుండి వచ్చినవి. చాటింపు లేకున్నచో బ్రౌజరు బొమ్మనే వ్రాత యనుకొని చదువఁబోవచ్చును. పొసఁగనిచోటనెల్ల ప్రశ్నార్థకము గల నల్లని పలకను జూపును.

ఆ నల్లని పలకలను మేము మా మానవపాడులోనే చూచితిమి. ఇచ్చట మా యింటివారు ఉపాధ్యాయులు. ఒకానొక పాఠశాలవారు తమ పాత ప్రవేశపు రిజిస్టర్లను ఫోటోలు తీయించి, అడిగినవారికి వారి పుట మాత్రమే యందునట్లు సర్వరునందుంచిరి. మా పొరుగున నొక ముసలమ్మ కలదు. ఆధారు కార్డులో నామె జన్మవత్సరము తప్పుగాఁ బడినందున, వయస్సు చాలదని పింఛను దరఖాస్తును ద్రిప్పిపంపిరి. సరియైన తేదీ యా రిజిస్టరునందే యున్నది. మనుమరాలు ఫోనులో నడుగఁగాఁ బుటకు మాఱుగా నల్లని పలకలు వచ్చినవి. “అవ్వా, నీ పుట చెదలు తిన్నట్టుందే!” అని పిల్ల నవ్వెను. “నవ్వకు బిడ్డా, మా నాయన చెయ్యి పట్టి తోలుకపోయి రాయించిన తారీకది” అని యామె కన్నులు తుడుచుకొనెను.

మా యింటివారి పూర్వశిష్యురాలొకతె, ఇంజనీరింగు చదువుచున్నది, కారణమును గనిపెట్టెను. ఆ స్క్రిప్టు పీహెచ్‌పీ భాషలోనిది. దాని ప్రారంభపు గుర్తుకు ముందొక ఖాళీ పంక్తి యుండెను. కంటికిఁ గానరాని యా ఖాళీయు బైటే! అది ముందుగా బయలువెడలినందున చాటింపునకు వేళ మించిపోయెను. సర్వరు తన యలవాటు చొప్పున నిది వ్రాతపుట యని చెప్పి పంపెను. చాటింపు సరిగా నున్నను ఆ ఖాళీ బొమ్మను జెఱుపక మానదు. ఏలయన, పీఎన్‌జీ బొమ్మ 137, 80, 78, 71, 13, 10, 26, 10 అను నెనిమిది బైట్లతోనే మొదలు కావలెను. ఇందు 13, 10 అనునవి పంక్త్యంతపు గుర్తులు. త్రోవలో నే మధ్యవర్తియైనను వ్రాత యని భ్రమించి పంక్త్యంతములను ‘సవరించిన’యెడల ముందుగా నీ వరుసయే చెడి, జరిగిన పనిని బట్టియిచ్చును. 1996లో వెలువడిన నిర్ణయములోని యీ యుపాయము మాకు మిక్కిలి నచ్చినది. ఇంటి తాళములకుఁ గూడ నిట్టిది దొరకిన బాగుండును!

ఆ బాలిక వ్రాసిన జాబునకు పాఠశాలవారు మూఁడవనాఁడు ఖాళీ పంక్తిని దీసివేసిరి. పుట వచ్చినది, తేదీయు, వెలసిన సిరాతో తండ్రిగారి వ్రేలిముద్రయుఁ గనఁబడినవి. ప్రధానోపాధ్యాయుని సంతకముతో నాపుట నిప్పుడు కార్యాలయమునకుఁ బంపిరి.

మన పూర్వగ్రంథములును నీ రీతిగనే మనకుఁ జేరుచున్నవి. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగు పురస్కారమందిన రాజ్‌రెడ్డిగారు పదిలక్షల పుస్తకముల ప్రయత్నమునకుఁ బూనుకొనిరి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ మొదలగుచోట్ల తెలుఁగు పుస్తకములు పుటపుటయు బొమ్మగాఁ దీయఁబడినవి. యంత్రముచేఁ జదివించి యక్షరములుగా మార్పించినచో అరసున్నలును బండి ఱలును ననేకము జాఱిపోవును. బొమ్మలో నవి ముద్రాపకుఁడు కూర్చినట్లే యున్నవి. పురుగు తొలిచిన రంధ్రమును నట్లే యున్నది. అచ్చట నుండవలసిన పదమును మేమూహించుకొందుము గాని, దానిని వేఱు కాగితముననే వ్రాసికొందుము.