లంద

మా ఊర్లో గొడ్డు చస్తే కబురు మాదిగ గూడేనికే వచ్చేది. "ఎద్దు సచ్చింది, ఈడ్సుకపోండ్రా" అని దొర మనిషి దూరం నుంచే కేకేసేటోడు.

ఈడ్చినందుకు కూలి లేదు, తోలే కూలి. నాయిన గాటు పడకుండా ఒలిచేవాడు. సున్నపు నీళ్లలో నానబెట్టి బూరు గీకేవాడు, లందలో తంగేడు చెక్క వేసి ఊరబెట్టేవాడు. అదంతా చదువే. ఆ తోలు మోటకు తొండమై దొర పొలం తడిపింది. దొరకు చెప్పులూ ఉత్తగనే కుట్టియ్యాలె. అవి తొడుక్కొని దొర అరుగు మీద కూసుంటే, ఆ వాకిలి ముందర నాయిన తన చెప్పులు చేతపట్టుకొని నడిచేటోడు.

2015లో అట్రాసిటీ చట్టాన్ని సవరించి, మాతో పశువుల కళేబరాలు ఎత్తించడం నేరమన్నారు. నాయిన అప్పటికి లేడు. గొడ్డును ఒలవడం నీచం కాదు. ఉత్తగ ఒలిపించుకొని, ఒలిచిన చేతిని అంటరానిదనడమే నీచం. ఆ బాకీ ఇంకా తీరలేదు.