మూగజీవికి మన మాట

నవనందులు కొలువైన నంద్యాల సీమలో మూగజీవిని ఆదరించడం కొత్త కాదు. పిల్లిపిల్లను ప్రేమించిన కారణాన హజ్రత్ అబూ హురైరాకు ఆ పేరే నిలిచిపోయిన సంగతీ మనకు తెలిసినదే. కాని మూగజీవి పేరిట ఫోనులో ఖాతా తెరిచి, దాని నోట మన మాటలు పలికించడం ఈ కాలపు వింత. ఆ వింతలో మేమూ పాలు పంచుకొన్నాము.

మా ఇంట మోతీ అనే తెల్లపిల్లి ఉన్నది. దానికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా కావాలని పదేండ్ల మా అమ్మాయి పట్టుబట్టింది. పదమూడేండ్లు నిండనివారు అక్కడ ఖాతా తెరవరాదు గనుక ఆ భారం మాపై పడింది. ఖాతా పెంపుడు జంతువుదే అయినా, పుట్టినతేదీ మాత్రం తెరిచేవారిదే ఇవ్వాలని అక్కడి నియమం. ఆ ఖాతా నిజానికి ఎవరిదో ఆ నియమమే చెప్పింది, మేమే గ్రహించలేదు. “నేను మోతీని, మాది నంద్యాల” అని మొదలుపెట్టి, దినమొక ఫోటో, ఫోటోకొక చమత్కారం వ్రాస్తూ వచ్చాము. తెలుగు పాఠం చెప్పేవారికి మాటలకు కొదవా?

ఒకనాడు మోతీ అన్నం ముట్టక, అరమోడ్పు కన్నులతో మూల ముడుచుకొని కూర్చున్నది. ఫోటో తీసి, “నేడు నేను తపస్సులో ఉన్నాను” అని వ్రాశాము. మునుపెన్నడూ రానన్ని మెచ్చుకోళ్లు వచ్చాయి. వాటిని లెక్కించుకొంటూ ఉండగా, సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఆళ్లగడ్డలో ఉన్న మా అత్తగారు ఫోను చేశారు. ఆమెకు చదువు రాదు. మా బావమరిది ఆ ఫోటో చూపించాడట.

“రాసిండేది నాకు తెలీదు నాయనా. ఆ పిల్లికి బాగలేదు. కంటి మీదికి పొర వచ్చిండాది చూడు” అన్నారు.

పశువైద్యులు పరీక్షించి, తీవ్రమైన జ్వరమనీ, ఒంట్లో నీరు తగ్గిపోయిందనీ చెప్పారు. మూడు దినాలు సెలైన్ ఎక్కించిన మీదట మోతీ తేరుకొన్నది. ఆ మూడు రాత్రులూ మా అమ్మాయి నిద్రపోలేదు, “అబ్బా, మనం రోజూ దాన్ని చూస్తూనే ఉన్నాం కదా!” అన్న ఆమె ప్రశ్నకు మావద్ద జవాబు లేకపోయింది.

అమెరికాలో 2012లో ‘గ్రంపీ క్యాట్’ అనే పిల్లి ఫోటో లోకమంతా పాకింది. దాని కోపపు చూపుకు లక్షలాది అభిమానులు ఏర్పడ్డారు. అది కోపం కాదు, పుట్టుకతో వచ్చిన ముఖాకృతి. 2019లో ఆ పిల్లి మరణించింది. ఆ కోపమూ మనుషులు అంటగట్టినదే, మా మోతీ తపస్సు వలెనే.

మరుసటి ఆదివారం ఆళ్లగడ్డ వెళ్లాము. అక్కడి శిల్పులు ఉలి పట్టి రాతికి ప్రాణం పోస్తారు. మేము ప్రాణమున్న జీవిని బొమ్మగా చేశామే అని సిగ్గుపడ్డాము.

మోతీ ఖాతా ఇంకా ఉన్నది. కాని దాని నోట “నేను” అని పలికించడం మానుకొన్నాము. ముందు దాని గిన్నె చూస్తాము, కన్ను చూస్తాము, ఆపైనే ఫోను. విద్యార్థి మిత్రులారా, మీరు పెంచే జీవుల ఫోటోలు తీయవద్దని మేము చెప్పము. మాట రాని జీవికి మాట అరువిచ్చే ముందు, అది మాట లేకుండానే చెబుతున్నదేమిటో ఒక్క క్షణం చూడండి.