రెండు గంటల విందుకు వెళ్తున్నారా?

మా నల్లమాడలో భోజనమంటే సంగటి ముద్ద, పప్పు, శెనక్కాయల చట్నీ. పావుగంటలో చెయ్యి కడిగేస్తాం. ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు మనలను పెద్ద ఇటాలియన్ హోటళ్ళకు తీసుకుపోతున్నారు. అక్కడ వంటవాడు పెట్టిన వరసలోనే తినాలి. మొదట యాంటిపాస్తో అనే చిరుతిండి, తర్వాత పాస్తాగాని, రిసోట్టో అనే అన్నంగాని, ఆపైన చేపో మాంసమో, ఆఖరున తీపి. ఏడెనిమిది వడ్డనలు, ఒక్కొక్కటి రెండు మూడు ముద్దలే!

మొన్న మా మామగారు వచ్చారు. ఆయనకు చక్కెర జబ్బు. భోజనంతో గ్లిమిపిరైడ్ మాత్ర వాడతారు.

"ఎనిమిదైందమ్మా, మాత్ర వేసుకుంటా" అన్నారు.

"పాస్తా వచ్చేదాకా ఆగండి మామా" అన్నాను. అది వచ్చేసరికి తొమ్మిది దాటింది.

ఎందుకు ఆపానంటారా? ఈ రకం మాత్రలూ, భోజనానికి ముందు తీసుకునే ఇన్సులినూ తిండి అందినా అందకున్నా రక్తంలో చక్కెరను దించుతాయి. ఖాళీ కడుపున వైన్ తాగితే ప్రమాదం మరింత. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం తక్కువ.

చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపిస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

పెళ్ళిలో మూడో బంతికి కూర్చునేవారికీ ఇదే మాట. మందు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును ముందే అడిగి బయలుదేరండి.