మిల్లీమీటరును కోటి ముక్కలు చేస్తే

పొడి చేసిన శాంపిల్ మీద ఎక్స్-కిరణాలు వేసి, లోపల పరమాణువులు ఎంతెంత ఎడంలో ఉన్నాయో చెప్పడం నా పని. హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో ఇరవై రెండేళ్లుగా ఎక్స్‌ఆర్‌డీ యంత్రం నా చేతిలో ఉంది. శాంపిల్ నింపడం వారంలో వచ్చేస్తుంది. పీకులు, అంటే గ్రాఫులో లేచే శిఖరాలు, చదవడానికి ఏడాది చాలు. యూనిట్ల దగ్గర మాత్రం పదేళ్లు పనిచేసినవాడు కూడా పడతాడు.

చేరిన కొత్తలో పది పవర్ మైనస్ పది మీటర్లు అని గడగడా అప్పజెప్పేవాణ్ణి. మా సీనియర్ సార్‌కి నచ్చేది కాదు. "మైనస్ పది అంటే నీ కంటికేం కనబడిందయ్యా? లక్షల్లో, కోట్లలో చెప్పు" అనేవారు. మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. కోటి చేస్తే ఆంగ్‌స్ట్రామ్. వంద కోట్లు చేస్తే పికోమీటరు. స్వీడన్ శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ కూడా 1868లో సూర్యకాంతి వర్ణపటం అచ్చు వేసినప్పుడు మిల్లీమీటరులో కోటో వంతునే కొలతగా పెట్టుకున్నాడు. మన రాగి ట్యూబ్ నుంచి వచ్చే కిరణం తరంగదైర్ఘ్యం 1.5406 ఆంగ్‌స్ట్రామ్‌లు. అదే 0.15406 నానోమీటరు, 154.06 పికోమీటర్లు. ఈ ఒక్క సంఖ్య మూడు రూపాల్లోనూ నోటికి రావాలి.

ఇంత నేర్చుకున్నా మొదటి ఏడాదే తప్పు చేశాను. ఒక రీసెర్చ్ స్కాలర్ టైటానియం డయాక్సైడ్ పొడి తెచ్చింది. పీక్ వెడల్పు 0.45 డిగ్రీలు. ఆ వెడల్పును సైజుగా మార్చే షెరర్ సూత్రంలో వేస్తే స్ఫటికం సైజు 181 వచ్చింది. రిపోర్టులో 181 నానోమీటర్లు అని రాసిచ్చాను. తరంగదైర్ఘ్యం ఆంగ్‌స్ట్రామ్‌లలో వేస్తే జవాబూ ఆంగ్‌స్ట్రామ్‌లలోనే వస్తుంది కదా, అసలు సైజు 18 నానోమీటర్లు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలతో పోల్చుకుని ఆ అమ్మాయి మూడు వారాలు తల పట్టుకుంది. ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. సార్ కోప్పడలేదు. "181 నానోమీటర్ల స్ఫటికం పీక్ ఇంత లావుగా ఉంటుందా? సన్నగా సూదిలా ఉండాలి కదా" అన్నారు. వెడల్పును రేడియన్లలోకి మార్చడం మరిచిపోతే 3.16 ఆంగ్‌స్ట్రామ్‌లు వస్తుందని కూడా ఆయనే చేసి చూపించారు. స్ఫటికమంతా పదేపదే పేర్చుకునే అతి చిన్న దిమ్మె యూనిట్ సెల్; దానికంటే చిన్న స్ఫటికం ఎక్కడైనా ఉంటుందా? సంఖ్య రాసేముందు ఆ వస్తువును ఊహించుకోవడం అప్పుడు అలవాటైంది.

కంప్యూటర్‌తో లెక్కలు చేసేవాళ్లు మన కొలతలు పట్టుకెళ్తారు. వాళ్ల ప్రోగ్రాముల్లో చాలావాటికి సొంత యూనిట్ బోర్, అంటే 0.529177 ఆంగ్‌స్ట్రామ్. సిలికాన్ సెల్ 5.431 ఆంగ్‌స్ట్రామ్‌లు. దాన్ని బోర్ గడిలో అలాగే కొట్టేస్తే పరమాణువుల మధ్య దూరం 2.35 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉండాల్సింది 1.24కి నలిగిపోతుంది. అక్కడ వేయాల్సింది 10.26. ఘనపరిమాణం మార్చేటప్పుడు గుణకాన్ని మూడుసార్లు గుణించాలి. ఒక ఘన బోర్ అంటే 0.148 ఘన ఆంగ్‌స్ట్రామ్ మాత్రమే.

ఇక ఉప్పు సంగతి. రాతి ఉప్పు సెల్ కొలిస్తే నాకు 5.640 వచ్చింది. లైబ్రరీలో 1930ల నాటి పుస్తకం తీస్తే 5.628 ఆంగ్‌స్ట్రామ్‌లు అని ఉంది. పీక్ దగ్గర 0.07 డిగ్రీ తేడా. యంత్రమే పక్కకు జరిగిందనుకుని రెండు రోజులు గోనియోమీటర్ విప్పి బిగించాను. సిలికాన్ స్టాండర్డ్ మాత్రం ప్రతిసారీ ఉండాల్సిన చోటే, 28.44 డిగ్రీల దగ్గరే నిలబడుతోంది. సార్ వచ్చి, "సాంద్రత లెక్కగట్టావా?" అని అడిగారు. ఒక సెల్‌లోని అణుభారాన్ని 1.6605తో గుణించి, ఘన ఆంగ్‌స్ట్రామ్‌లతో భాగిస్తే సాంద్రత వస్తుంది. నా కొలతతో 2.164, పుస్తకం కొలతతో 2.177. ఉప్పు అసలు సాంద్రత 2.165.

"పుస్తకం తప్పా సార్?" అన్నాను. "తప్పు కాదు. ఏ ఏడాది అచ్చయిందో చూడు" అన్నారు. ఆ కాలంలో ఆంగ్‌స్ట్రామ్ అని రాసింది నిజానికి సీగ్బాన్ అనే శాస్త్రవేత్త పెట్టిన కిలో ఎక్స్ యూనిట్. దాని పునాదిలో స్ఫటికం సాంద్రత, అవొగాడ్రో సంఖ్య ఉన్నాయి. ఆ సంఖ్య వచ్చింది మిలికాన్ కొలిచిన ఎలక్ట్రాన్ ఆవేశం నుంచి. మిలికాన్ వాడుకున్న గాలి చిక్కదనం విలువ కాస్త తప్పడంతో ఆవేశం రవ్వంత తక్కువగా తేలింది. ఆ రవ్వ వరసగా పాకి చివరికి ప్రపంచంలోని స్ఫటికాలన్నిటినీ వెయ్యిలో రెండు వంతులు కుదించేసింది. 1947లో దిద్దుబాటు గుణకం 1.00202 అని ఖాయమైంది. 5.628ని దాంతో గుణిస్తే 5.639. నా కొలత పక్కనే వచ్చి నిలిచింది. యంత్రాన్ని నమ్మవచ్చని, నా చేతిని కూడా నమ్మవచ్చని నాకు తెలిసింది ఆ సాయంత్రమే.

లైబ్రరీవాళ్లు పాతవి తీసేసినప్పుడు ఆ పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. అదిగో, ఆ బీరువా పై అరలో ఉంది. మొదటి పేజీలో సార్ పెన్సిల్‌తో రాసిన 1.00202 కనబడుతుంది. అందులోంచి ఏ సంఖ్య తీసుకున్నా ముందు దాంతో గుణించు.